నాలుగు బారల ఈత

నాకు ఈత వచ్చు అనే మాట నేను దాదాపు నలభై ఏళ్ళు చెప్పుకుంటూ తిరిగాను. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు, నిజంగానే వచ్చనుకున్నాను. కోస్తా వైపు ఈత వచ్చంటే ఎవరూ తలెత్తి చూడరు. మా కర్నూలు వైపు అలా కాదు. నాలుగు చినుకులు పడితే పెద్దవాళ్ళు కూడా వాకిట్లోకి వచ్చి నిలబడే చోట, ఈత వచ్చినవాడంటే ఏదో పై చదువు చదివినవాడి కింద లెక్క. పైగా దాన్ని రుజువు చేయమని అడిగేవాళ్ళు ఉండరు. అడిగినా నీళ్ళుండవు.

మాది నందికొట్కూరు దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్ళుగా కర్నూల్లో బండల అంగడి నడుపుతున్నాను. బేతంచెర్ల నుంచి లారీల్లో వచ్చే నాపబండలు, పాలిష్ పట్టినవీ పట్టనివీ, గోడకు ఆనించి వరసగా పెట్టుకుని అమ్ముతాను. మా ఆవిడది కడప వైపు, ఒంటిమిట్టకు దగ్గర్లో ఊరు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు నా బావి కథ చెప్పాను. తొమ్మిదేళ్ళప్పుడు మా చేను బావిలో చిన్నాయన నా వీపుకు తేలడానికి మునగబెండ్లు కట్టి, నడుముకు తాడు బిగించి నీళ్ళలోకి దించడం, రెండు నెలలకే బెండ్లు విప్పేయడం, ఆ మరుసటేడు నేను బావి గట్టు మీద నుంచి దూకడం. చెప్పిన ప్రతిసారీ ఆ గట్టు ఒక అడుగు ఎత్తు పెరుగుతూ వచ్చిందని మా ఆవిడ అంటుంది. మా అమ్మాయి పుట్టేనాటికి అది రెండంతస్తుల మేడంత అయిందట.

ఆ అమ్మాయికి పన్నెండో ఏడు వచ్చిన వేసవిలో ఈత క్లాసులో చేర్చాలని మా ఆవిడ పట్టుబట్టింది.

"నాన్నే నేర్పిస్తాడు కదమ్మా" అంది అమ్మాయి.

"మీ నాన్నకు బాయిలోనే వస్తాది. బాయి తెచ్చి ఈడ పెట్టేకి కాదు కదా" అంది మా ఆవిడ.

అది ఎగతాళి అని నాకు అప్పుడు అర్థం కాలేదు. నిజమే కదా అనుకున్నాను.

రోజూ సాయంత్రం అమ్మాయిని బండి మీద పూల్‌కు తీసుకుపోవడం నా పని. మొదటి రోజు అక్కడ నేను చూసింది నీళ్ళు కాదు, గట్టు చుట్టూ పరిచిన బండలు. కాలు జారకుండా గరుకు బండ వేశారు, మంచి పని చేశారు అని అక్కడ నేర్పించే అమ్మాయితో అన్నాను. ఆమెకు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. కడప నుంచి వచ్చింది. ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్, చేతిలో ఒక పొడుగాటి వెదురు గడ. నేను బండల గురించి చెప్పిందంతా ఓపిగ్గా విని, "సరేన్నా, మీరు ఆ బెంచీ మీద కూచోండి" అంది.

కూర్చున్నాను గాని నోరు ఊరుకోలేదు. ఈత వచ్చినవాడిని, కళ్ళ ముందు కన్నకూతురు నీళ్ళు తాగుతుంటే ఎలా ఊరుకుంటాను? "కాళ్ళు గట్టిగా ఆడించు. చేతులు దూరం చాపు. తల పైకెత్తు" అని అరుస్తూ ఉన్నాను. అవతలి గట్టు నుంచి ఆ అమ్మాయి "తల దించు" అనేది. మా పాప ఒకసారి ఎత్తి, ఒకసారి దించి, మధ్యలో ఇన్ని నీళ్ళు మింగేది. మూడో రోజు ఆ అమ్మాయి గడ భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీకు ఈత వచ్చా?"

"బాయిలో నేర్చుకున్న్యానమ్మా. చిన్నప్పుడే."

"అయితే రేపు నిక్కరు, టోపీ తెచ్చుకోండి. ఈడ కూచోని చెప్పేదాని కంటే నీళ్ళల్లో చేసి చూపిస్తే పాప తొందరగా పట్టుకుంటాది."

ఆమె నవ్వలేదు. గౌరవించే అడిగిందనుకున్నాను.

మరుసటి రోజు అంగడి గంట ముందే పనివాళ్ళకు అప్పజెప్పి, కొత్త నిక్కరు, రబ్బరు టోపీ కొనుక్కుని పోయాను. ఆ టోపీ తలకు ఎక్కించుకోవడానికే పది నిమిషాలు పట్టింది. ఎక్కాక కనుబొమలు పైకి లాగి, ఎవరో ఏదో చెబితే ఆశ్చర్యపోయినవాడిలా తయారైంది నా ముఖం. పిల్లలు చూశారు. వాళ్ళ అమ్మలు చూశారు. నేను లోతు ఎక్కువుండే వైపు గట్టు చివరకు పోయి, నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి, మోకాళ్ళు గుండెలకు హత్తుకుని దూకాను.

ఇప్పటికీ చెబుతాను, దూకుడు మాత్రం బాగా కుదిరింది. నీళ్ళు బెంచీ దాకా ఎగిరి ఒకావిడ చేతిసంచీ తడిపేశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పైకి తేలి, ముఖం తుడుచుకుని, బారలు వేయడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో బారకు నా కుడిచేయి దానంతటదే ముందుకు చాచుకుని గోడ కోసం వెతికింది. గోడ లేదు. తలెత్తి చూస్తే గోడ ఇంకా ఎక్కడో ఉంది, ఇంటికి పోయే దారంత దూరంలో. ఐదో బార వేశాను. ఆరోది బార అనడానికి వీల్లేదు. కాళ్ళు కిందికి దిగిపోయాయి, ముక్కులోకి నీళ్ళు ఎక్కాయి, పైన వెలుతురు ఒకసారి కనపడి పోయింది. అప్పుడు చేతికి ఏదో గట్టిగా తగిలింది. వెదురు గడ. ఆ అమ్మాయి నేను దూకినప్పటి నుంచే గట్టు మీద నాతోపాటు నడుస్తూ వచ్చిందని తర్వాత మా పాప చెప్పింది.

ఆమె నన్ను గట్టుకు లాగింది. ఆరేళ్ళ పిల్ల ఒకతి అడిగింది, "మిస్, అంకుల్ మునిగిపోయినాడా?"

"లేదమ్మా. అడుగున బండలు ఎట్లుండాయో చూసొచ్చినాడు" అంది ఆ అమ్మాయి.

దగ్గు తగ్గాక నాకు తోచిన కారణం చెప్పాను. "ఈ నీళ్ళల్లో మందు కలుపుతారు కదమ్మా, పల్చగా ఉండాయి. బాయి నీళ్ళు చిక్కగా ఉంటాయి, మనిషిని మోస్తాయి."

"అట్లనా అన్నా" అంది ఆమె, నిజంగానే కొత్త సంగతి తెలుసుకున్నట్టు.

ఆ రాత్రి అన్నం ముందు మా పాప ఈ కథంతా అభినయంతో సహా చెప్పింది. టోపీ పెట్టుకున్న నా ముఖం ఎలా ఉందో కూడా చేసి చూపించింది. మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "బండల వ్యాపారం కదా. సరుకు మాదిరే పోయినాడు" అంది.

ఆ ఆదివారం మా ఊరికి పోయాను. చిన్నాయన్ని చూసి చాలా రోజులైందని ఇంట్లో చెప్పాను గాని, అసలు ఆలోచన బావి మీద. ఆ నీళ్ళలో ఒకసారి దిగితే ఎవరిది తప్పో తేలిపోతుందని నమ్మకం. చేనుకు పోయి చూస్తే బావిలో నీళ్ళు లేవు. బోర్లు వేసినప్పటి నుంచి అది ఎండుతూ వచ్చి, ఇప్పుడు అడుగున ముళ్ళకంప మొలిచింది. చేసేది లేక గట్టు వెంట నడిచి ఒక పక్క కొలిచాను. ఏడు అంగలు. నా జ్ఞాపకంలో అది ఒక చిన్న చెరువు.

చిన్నాయనకు డెబ్బై అయిదు దాటాయి. మోటారు గది నీడలో కూర్చుని, బావి చుట్టూ అంగలు వేసుకుంటూ తిరుగుతున్న నన్ను చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. కాసేపు మాటలయ్యాక అడిగాను.

"చిన్నాయనా, చిన్నప్పుడు నేను శానా బాగా ఈదుతాంటి కదా?"

ఆయన నా వైపు తిరిగి, "ఎవురు చెప్పినారప్పా?" అన్నాడు.

"ఎవురో చెప్పేదేంది? నువ్వే కదా నేర్పిస్తివి."

"నేను నేర్పిస్తి. నువ్వు నేర్చుకున్న్యావని యాడ చెప్తి?"

ఆయన బావి వైపు చేయి చూపించాడు. "దూకేది మాత్రం బలే దూకుతాంటివి. దూకి, లేసి, నాలుగు బారలేసి గోడ పట్టుకుంటాంటివి. మిగతా పిల్లోల్లు బాయి చుట్టూ సుట్లు కొడుతుంటే నువ్వు మెట్లెక్కి వచ్చి మల్ల దూకుతాంటివి. నడిమధ్యన నిలబడి నీళ్ళు కొట్టింది ఒకతూరి కూడా లేదు. మేం పైన కూచోని నగుకుంటాంటిమి."

"మరి చెప్పకపోతివే."

"చెప్తే దూకేది కూడా మానుకుంటావని. అది బాగుండె చూసేకి." బావి వైపే చూస్తూ, "నువ్వు తొమ్మిదో తరగతికి వచ్చేదాకా, మునిగితే ఇసిరేకని ఒక తాడు నా చేతిలోనే పెట్టుకోని కూచుంటాంటి. నీకు అగుపడకుండా టవాలు కింద పెడతాంటి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఇదే తలుచుకున్నాను. మొదట సిగ్గేసింది. ఆ తర్వాత, అన్నేళ్ళు ఎండలో టవాలు కింద తాడు దాచుకుని కూర్చున్న ఆయన మీద ఏదో చెప్పలేని ప్రేమ వచ్చింది. కర్నూలు చేరేసరికి నాకే నవ్వు వచ్చింది. నాకొచ్చిన ఈత అచ్చంగా ఆ బావి వెడల్పంత. అంతకు ఒక మూర ఎక్కువ లేదు.

సోమవారం పొద్దున ఆరు గంటలకు పెద్దవాళ్ళ బ్యాచ్‌లో నిలబడ్డాను. ఆ అమ్మాయి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"నాకు ఈత రాదమ్మా" అన్నాను.

"రాదని కాదన్నా, కొంచెం వచ్చు. నాకు భయం కొంచెం వచ్చినోళ్ళతోనే. అస్సలు రానోళ్ళు నీళ్ళకాడికి పోరు. కొంచెం వచ్చినోళ్ళు పోతారు, పోయి పది మంది ముందర దూకుతారు."

ముందు నాకు ఎంత వచ్చో చూస్తానంది. ఛాతీ లోతులో నిలబెట్టి, నేల మీద నుంచి కాళ్ళు తీసి ఊరికే ఒక నిమిషం నీళ్ళలో ఉండమంది. ఎటూ పోవద్దు, దేన్నీ పట్టుకోవద్దు, ఉండటమే. అప్పుడు తెలిసింది, నేను జన్మలో ఎప్పుడూ నీళ్ళలో ఊరికే ఉండలేదని. ఎప్పుడూ గోడ వైపు పోతూనే ఉన్నాను. పది లెక్కపెట్టేలోగా కాళ్ళు నేలకు ఆనాయి. వెల్లకిలా పడుకోమంది. నడుము దగ్గర మడతపడి కుర్చీలో కూర్చున్నట్టు దిగిపోయాను. నాలుగు బారలు వేసి, గోడ పట్టుకోకుండా వెనక్కి తిరిగి రమ్మంది. తిరగడం అనేది నా ఈతలోనే లేదు. చివరికి, ఈదేటప్పుడు ఊపిరి ఎలా తీసుకుంటావని అడిగింది.

"తీసుకోనమ్మా. బిగబడతా."

"ఎంతసేపు?"

"గోడ వచ్చేవరకూ."

అప్పుడు నవ్వింది. అన్ని రోజుల్లో మొదటిసారి.

నా లోపాలన్నిటికీ మూలం రెండే అని ఆమె తేల్చింది. తల పైకెత్తి ఈదుతున్నాను, అందుకని నడుమూ కాళ్ళూ కిందికి దిగిపోతున్నాయి. ఊపిరి బిగబడుతున్నాను, అందుకని నాలుగు బారలకే గుండె అదురుతోంది. ముఖం నీళ్ళలో పెట్టి నోటితో గాలి విడవడం నేర్చుకోవాలి, మిగతాదంతా తర్వాత. వారం పాటు నేను గట్టుకున్న ఇనప కమ్మీ పట్టుకుని ముఖం ముంచి బుడగలు వదలడం తప్ప ఇంకేమీ చేయలేదు. నా పక్క కమ్మీ పట్టుకుని నిలబడినది పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయనకు నీళ్ళంటే చచ్చే భయం. అయినా బుడగలు నాకంటే బాగా వదిలేవాడు.

ఇంట్లో కూడా సాధన చేయమంది ఆ అమ్మాయి. స్నానాల గదిలో బకెట్ నిండా నీళ్ళు పట్టి, తలుపు గడియ పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ముఖం ముంచి గాలి వదులుతుంటే తలుపు మీద చప్పుడైంది.

"ఏమయ్యా, లోపల ఏం ఉడకబెడతాండావు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు, పో."

"గుడగుడమని వినపడతాంది. గీజరు పాడైందేమో అని వచ్చినా."

చెప్పక తప్పలేదు. విని పోయింది. కాసేపటికి వంటింట్లోంచి తల్లీకూతుళ్ళు నవ్వడం వినిపించింది. ఆ తర్వాత ఒక నెల పాటు, నేను స్నానానికి పోయినప్పుడల్లా "నీళ్ళు మసిలినాయా?" అని అడిగేది.

వెల్లకిలా తేలడం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. చెవులు నీళ్ళలో మునగాలి, గడ్డం పైకి ఉండాలి, పొట్ట ఎత్తాలి, ఒళ్ళు వదిలేయాలి. ఒళ్ళు వదలడమే నాకు రాలేదు. రోజంతా బండలు ఎత్తించేవాడిని, దించించేవాడిని, పగులు లేకుండా చూసేవాడిని. ఏదైనా జారితే పట్టుకోవాలన్నది నా నరాల్లో ఉంది. "మీరు నీళ్ళను పట్టుకుంటాండారన్నా. వదలండి, అవే మిమ్మల్ని పట్టుకుంటాయి" అనేది ఆ అమ్మాయి. ఈ మాట రోజుకు నాలుగుసార్లు చెప్పేది, నేను రోజుకు నాలుగుసార్లు మునిగేవాడిని. పదమూడో రోజు ఎందుకో కుదిరింది. చెవుల్లో శబ్దాలన్నీ ఆగిపోయి, పైన తెల్లవారుతున్న ఆకాశం, ఒక కాకి పోవడం కనిపించాయి. లేచి చూసేసరికి నిమిషం దాటిందట. ఆమె గడ పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. నేను సంతోషంలో నీళ్ళు మింగాను.

ఈలోగా మా పాప ముప్పై రోజుల్లో పూల్ ఆ చివర నుంచి ఈ చివరకు ఈదేసింది. ఇప్పుడు సెలవులు కదా అని పొద్దున్నే నాతో వచ్చి అదే బెంచీ మీద కూర్చునేది. "తల దించు నాన్నా. కాళ్ళు వంచొద్దు. ఆ, ఇప్పుడు ఊపిరి" అని పెద్దగా చెప్పేది. పక్కన కూర్చున్న వాళ్ళు నా వైపు జాలిగా చూసేవాళ్ళు.

వేసవి సెలవులు అయిపోతాయనగా ఒంటిమిట్ట పోయాం. పొద్దున కోదండరాముడి దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి మా బామ్మర్ది తోటకు చేరాం. మా ఆవిడకు తమ్ముడు, నాకంటే పదేళ్ళు చిన్న. కడపలో కాంట్రాక్టు పనులు చేస్తాడు, వారానికి ఒకసారి తోటకు వచ్చి రైతునని చెప్పుకుంటాడు. మామిడి, అరటి పెట్టాడు. మధ్యలో నీళ్ళు నిలవ చేసుకోవడానికి ఒక పెద్ద గుంత తవ్వించి, లోపలంతా నల్లటి ప్లాస్టిక్ షీటు పరిపించాడు. నాలుగు పక్కలా ఏటవాలు గట్లు, నిండా పచ్చటి నీళ్ళు, రెండాళ్ళ లోతు.

మామిడిచెట్టు కింద చాపలు వేసుకుని కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర వడ్డిస్తోంది. బామ్మర్ది గుంత వైపు చూపించి నన్ను రెచ్చగొట్టడం మొదలుపెట్టాడు.

"బావా, ఇరవై ఏండ్లుగా చెప్తాండావు, మీ బాయి కథ. ఇయ్యాల చూపీ. నీ దూకుడు ఎట్లుంటాదో మేమూ చూస్తాం."

రెండు నెలల ముందైతే చొక్కా విప్పేవాడిని. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా చేయి గుండీ దాకా పోయింది. కాని ఆ ఏటవాలు ప్లాస్టిక్ మీద పట్టిన పాకుడు నా కళ్ళ పడింది. బండల వ్యాపారికి జారే నేల ఏదో ఒకరు చెప్పనక్కర్లేదు.

"నాకు ఈత సరిగా రాదు బామ్మర్దీ. ఇప్పుడే నేర్చుకుంటాండా" అన్నాను.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఇరవై ఏళ్ళ కాపురంలో నా నోట ఆమె ఆ మాట వినడం మొదటిసారి. ఇంట్లో నా గురించి ఎన్ని అన్నా, నేను మాత్రం ఎప్పుడూ "అలవాటు తప్పింది" అనేవాడిని తప్ప రాదు అనలేదు.

బామ్మర్ది పడీపడీ నవ్వాడు. "అయితే నేను చూపిస్తా చూడు. మాది పెన్న నీళ్ళు తాగిన ఒళ్ళు" అంటూ లేచి, నేను వద్దని చెబుతుండగానే ప్యాంటు పైకి మడిచి పరుగెత్తి దూకాడు.

బాగానే తేలాడు. గుంత నడుమ దాకా బారలు వేసి, అక్కడి నుంచి చేయి ఊపాడు కూడా. తిరిగి గట్టుకు వచ్చి పైకి ఎక్కబోయాడు. కాలు జారింది. మళ్ళీ ఎక్కబోయాడు. రెండు చేతులూ ప్లాస్టిక్ మీద పెట్టి పాకబోతే అరచేతులు జర్రున జారి మళ్ళీ మెడ దాకా నీళ్ళలోకి పోయాడు. మూడోసారి కూడా అంతే. మొదటి రెండుసార్లు నవ్వుతూనే ఉన్నాడు. మూడోసారి నవ్వు పోయింది. తల పైకెత్తి, నోరు తెరిచి, రెండు చేతులతో నీళ్ళను కిందికి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పని ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అది నా ఆరో బార.

మా పాప లేచి పరుగెత్తబోయింది. రెక్క పట్టి ఆపాను. "నువ్వు దిగొద్దు. ఎవురూ దిగొద్దు." నాకు కూడా ఆ మాట చెప్పుకున్నాను. పక్కన తాగే నీళ్ళ క్యాను ఉంది, ఇరవై లీటర్లది, సగం ఉంది. ఉన్న నీళ్ళు కింద పారబోసి, మూత బిగించి, అతని ముందు పడేలా విసిరాను.

"దాన్ని పట్టుకో. గుండెలకు పెట్టుకోని పండుకో. ఎక్కొద్దు. ఊరికే ఉండు."

"ఎక్కేకి కాలేదు బావా" అన్నాడు.

"ఎక్కమని ఎవురన్న్యారు? పండుకోమంటాండా. గాలి వదులు. పీల్చు. వదులు."

క్యాను రెండు చేతులా కావలించుకున్నాడు. తేలాడు. తోట చూసుకునే పెద్దమనిషి అప్పటికే పైపుల కుప్ప దగ్గరికి పరుగెత్తాడు. ఇద్దరం కలిసి ఒక పొడుగాటి నల్ల పైపు ఈడ్చుకొచ్చి గట్టు మీద నుంచి కిందికి వదిలాం. బామ్మర్ది దాన్ని పట్టుకున్నాడు. ఇటు చివర నేనూ, తోటాయనా, మా ఆవిడా కూర్చుని కాళ్ళు తన్నిపెట్టి లాగాం. బోర్లా పడుకుని, పొట్ట మీద జారుతూ పైకి వచ్చాడు. వచ్చి అలాగే చాలాసేపు గట్టు మీద పడుకున్నాడు. క్యాను మాత్రం వదల్లేదు.

మా ఆవిడ తమ్ముడి వీపు మీద రెండు చరిచింది. నీళ్ళు కక్కించడానికి ఒకటి, కోపానికి ఒకటి. ఆ తర్వాత పక్కనే కూర్చుని కొంగుతో అతని తల తుడిచింది.

మాట వచ్చాక అతను అన్న మొదటి మాట, "నేను ఊరికే చూస్తాంటి బావా, మీరేం చేస్తారో అని."

"నీళ్ళు పల్చగా ఉన్న్యాయేమో" అన్నాను. మా పాప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే అతను గుంత నాలుగు పక్కలా ముడులు వేసిన లావు తాళ్ళు కట్టించి, చుట్టూ కంచెకు మనిషిని మాట్లాడాడు. లారీ ట్యూబులు రెండు ఎప్పుడూ గట్టు మీదే ఉండాలని తోటాయనకు చెప్పాడు. మేము బయల్దేరేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "బావా, కడపలో కూడా ఈత నేర్పించే చోటు ఉంటాదా? నా కోసం కాదు, పిల్లోల్ల కోసం" అన్నాడు. అతని పిల్లలు ఇద్దరికీ అప్పటికే ఈత వచ్చు. నేను ఆ సంగతి గుర్తు చేయలేదు. వారం తర్వాత ఫోన్ చేసి, టోపీ తలకు ఎక్కించుకునే ఉపాయం ఏదైనా ఉందా అని అడిగాడు.

నేను పూల్ ఒక చివర నుంచి ఇంకో చివరకు మధ్యలో దేన్నీ పట్టుకోకుండా చేరింది జూన్ నెల చివర్లో. ఎన్ని బారలు పట్టాయో లెక్కపెట్టలేదు. సగం దూరంలో కాళ్ళు దిగడం మొదలుపెడితే వెల్లకిలా తిరిగి నాలుగు ఊపిరులు తీసుకుని, మళ్ళీ బోర్లా తిరిగాను. అది నా సొంత తెలివి కాదు, ఆ అమ్మాయి నేర్పించిందే. గట్టు అందుకుని తలెత్తితే ఎదురుగా ఆమె నిలబడి ఉంది. ఏదైనా మంచి మాట అంటుందని చూశాను.

"కాళ్ళు ఇంగా కత్తెర మాదిరి కొట్టుకుంటాండాయన్నా. రేపటి నుంచి దాని సంగతి చూద్దాం" అంది.

ఒంటిమిట్ట నుంచి వచ్చే దారిలోనే మా ఆవిడ ఒక మాట అడిగింది. మైదుకూరు దాటాక, వెనక సీట్లో పాప నిద్రపోయాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆడోళ్ళ బ్యాచ్ ఎన్నింటికి?" అంది. నేను రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా కారు నడుపుతూ, "ఎనిమిదింటికి" అన్నాను. ఇంకేమీ అనలేదు. అంటే ఆమె మనసు మార్చుకుంటుందని నాకు తెలుసు.

జులైలో చేరింది. ఆ గంట సేపు మగవాళ్ళను లోపలికి రానివ్వరు. గేటు బయట వేపచెట్టు కింద నాలాంటి భర్తలు ముగ్గురు నలుగురు నిలబడతాం, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఆడవాళ్ళ సంచీ. లోపల ఏం జరుగుతోందో తెలియదు. విజిల్ వినిపిస్తుంది, ఎవరో కెవ్వుమనడం, తర్వాత అందరూ నవ్వడం. నాలుగో రోజు మా ఆవిడ తడి జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏముంది. పండుకోమనె, పండుకున్న్యా."

"తేలినావా?"

"మునిగితే వస్తానా?" అంది. "శానా బాగుండాది ఆడ. రెండు నిమిషాలు ఎవురూ ఏమీ అడగలేదు. వంటేం చేసినావు, తాళాలు యాడ పెట్టినావు, ఏమీ లేదు. కన్ను మూత పడతాండె, ఆ నేర్పించే పాప లేపె."

నాకు పన్నెండు రోజులు పట్టిన పని. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకూ తెలుసు. బండి తీశాను. వెనక కూర్చుని భుజం మీద చేయి వేసింది.

"ఆకలి దంచేస్తాంది. ఉగ్గాని తినే పోదాం పా" అంది. "బజ్జీ కూడా."